సందు ఇంకా పూడలేదేం?

శ్రోతలకు నమస్కారం. పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్న పిల్లలున్న ఇంట్లో నెలనెలా వినపడే మాట ఒకటుంది: "సందు ఇంకా పూడలేదేం?" ఇవాళ ఆ సందు సంగతే చూద్దాం.

ఎత్తుపళ్లు లోపలికి పోవాలంటే చోటు కావాలి. అందుకే చాలామందికి కోరపన్ను వెనక పన్ను తీసేస్తారు. ఇక కోరపన్ను ఆ ఖాళీలోకి జరగాలి. దాని మీద అతికించిన బ్రాకెట్టుకు, అంటే ఆ చిన్న క్లిప్పు బిళ్లకు, ఓ గాడి ఉంటుంది. దాని వెడల్పు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ, అంతే. ఆ గాడిలో స్టీలు తీగ. వెనక నుంచి ఓ స్ప్రింగో, రబ్బరు గొలుసో లాగుతూ ఉంటుంది. పన్ను తీగ వెంట జారాలి.

జారుతుందా? అంత తిన్నగా జారదు. లాగేది పైనున్న బ్రాకెట్టును. పంటి వేరేమో ఎముకలో ఉంది. దాంతో ముందు పన్ను ఒరుగుతుంది. ఒరగగానే గాడి రెండు కొసలూ తీగను కరిచి పట్టుకుంటాయి. సొరుగును ఒక మూల పట్టి లాగితే బిగుసుకుపోదూ, అలాగన్నమాట. వంగిన తీగ మళ్లీ సాగదీసుకుంటూ వేరును నిలబెడుతుంది. పట్టు సడలుతుంది, పన్ను కాస్త జారుతుంది. మళ్లీ ఒరుగుతుంది, మళ్లీ పట్టేస్తుంది. ఒరగడం, పట్టేయడం, నిలబడడం, జారడం. ఇలా నెలకు ఒక మిల్లీమీటరు జరిగిందంటే మంచి నడకే.

ఈ జారుడుకు గాడికీ తీగకూ మధ్య రాపిడి కూడా అడ్డే. తీగల్లో స్టీలుకు రాపిడి తక్కువ, నికెల్ టైటానియం అనే మిశ్రలోహపు తీగకు ఎక్కువ. పంటి రంగు సిరామిక్ బ్రాకెట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ గాడి గరుకు. తీగను రబ్బరుతో కట్టకుండా చిన్న మూతతో పట్టి ఉంచే సెల్ఫ్ లైగేటింగ్ బ్రాకెట్లూ వచ్చాయి. ప్రయోగశాల బల్ల మీద వాటి రాపిడి తక్కువే. రోగుల్లో పోల్చి చూస్తే మాత్రం చికిత్స కాలం పెద్దగా తగ్గలేదు. "ఇంకాస్త డబ్బు పెడితే తొందరగా అయిపోతుందట" అంటే నేనైతే ఊఁ కొట్టను.

మన చేతిలో ఉన్నది ఒక్కటే: తీగ వంకర పోకుండా చూసుకోవడం. చెరకు ముక్కో, గట్టి జంతికో కొరికితే తీగ వంగుతుంది. వంకర పడ్డచోట గాడి ముందుకు సాగదు, ఎంత లాగినా సాగదు. జామకాయ మానక్కర్లేదు, సన్నగా తరిగి వెనక పళ్లతో నమిలితే చాలు. చెరకు మాత్రం రసంగానే తాగండి. తీగ వంగిందనిపించినా, బ్రాకెట్టు ఊడినా, వచ్చే నెల చూపించుకుందాంలే అనుకోకుండా ఆ రోజే డాక్టరుగారికి ఫోను చేయండి.