పాత లైనక్స్ గేములకి సౌండ్ తెప్పించడం ఎలా? పాడీఎస్పీ నుంచి కెర్నెల్ మాడ్యూల్ దాకా రివ్యూ

హాయ్ అండీ, వెల్‌కమ్. స్క్రీన్ మీద నడుస్తున్నది క్వేక్ త్రీ అరీనా. అభిమానులు నడిపే ఐఓ క్వేక్ కాదు, అప్పట్లో లైనక్స్‌కి వచ్చిన ఒరిజినల్ బైనరీ, అంటే సోర్స్ కోడ్ లేకుండా నేరుగా నడిచే ఫైల్, 1.32 వెర్షన్. గ్రాఫిక్స్ బ్రహ్మాండంగా ఉన్నాయి, ఫ్రేమ్ రేట్‌కి ఢోకా లేదు. సౌండ్ మాత్రం సున్నా. చెవి పక్కన రాకెట్ పేలినా చప్పుడు లేదు.

ఇప్పుడు టెర్మినల్‌కి వెళ్దాం. ఈ లైన్ చూశారా? డెవ్ ఫోల్డర్లో డీఎస్పీ అనే ఫైల్ కోసం గేమ్ వెతికింది, అలాంటిదేమీ లేదని సిస్టమ్ చెప్పేసింది. సరేలే అనుకుని గేమ్ సౌండ్ లేకుండానే మొదలైపోయింది.

ఆ ఫైల్ ఓఎస్ఎస్‌ది, అంటే ఓపెన్ సౌండ్ సిస్టమ్. హన్ను సావొలైనెన్ రాశాడు. 1990ల్లో లైనక్స్‌లో సౌండ్ అంటే ఇదే. ఆ ఫైల్ తెరిచి శాంపిల్స్, అంటే ధ్వనిని అంకెలుగా మార్చినవి, రాస్తూ పోతే స్పీకర్లో మోగుతుంది, అంతే పని. తర్వాత ఆల్సా అనే కొత్త సౌండ్ సిస్టమ్ వచ్చింది, 2003 డిసెంబర్‌లో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 2.6 వెర్షన్‌తో అదే అసలు సిస్టమ్ అయింది. దాని పైన అన్ని ప్రోగ్రాముల సౌండ్‌నీ కలిపి పంపే పల్స్ ఆడియో, ఇప్పుడు దాని బదులు పైప్‌వైర్. సోర్స్ కోడ్ ఉన్న ప్రోగ్రాములన్నీ మెల్లగా మారిపోయాయి. బైనరీగా అమ్మిన గేములు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. విండోస్ గేములు బోలెడు లైనక్స్‌కి తెచ్చిన లోకీ కంపెనీ 2002 జనవరిలోనే మూతపడింది, ఇక ప్యాచ్ ఎవరిస్తారు? లైనక్స్ లాంటి ఇంకో సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్ళకి మాత్రం ఈ తలనొప్పి పెద్దగా లేదు. అక్కడ ఇప్పటికీ ఓఎస్ఎస్సే.

సరే, మందుల్లోకి వద్దాం. మొదటిది పాడీఎస్పీ. గేమ్ కమాండ్ ముందు ఈ పేరు తగిలించి ఎంటర్ కొట్టడమే. గేమ్‌కీ సిస్టమ్ లైబ్రరీకీ మధ్యలో ఒక చిన్న లైబ్రరీని ఇది ముందే ఎక్కిస్తుంది. ఫైల్ తెరువు, ఇది రాయి అని గేమ్ అడిగిన ప్రతిసారీ ఆ చిన్న లైబ్రరీ మధ్యలో పట్టుకుని పల్స్‌కి పంపిస్తుంది. మీ దగ్గర పైప్‌వైర్ ఉన్నా పర్లేదు, అది పల్స్ భాష మాట్లాడుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లో కూడా మోగుతుంది. ఇన్‌స్టాల్ చేయడం తేలిక, సిస్టమ్‌లో ఏదీ చెడదు. ఏ పాత గేమ్‌కైనా నేను ముందు వాడేది ఇదే.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే, జాగ్రత్త. ఈ గేములన్నీ 32 బిట్. మీ సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీ 64 బిట్. ఈ రెండూ కలవవు. టెర్మినల్లో ఈఎల్ఎఫ్ క్లాస్ తప్పు అని ఒక లైన్ వస్తుంది, దాన్ని ఎవరూ చదవరు, పాడీఎస్పీ పనిచేయదని తేల్చేస్తారు. డెబియన్, ఉబుంటు వాళ్ళు లిబ్‌పల్స్‌డీఎస్పీ ప్యాకేజీకి ఐ386 వెర్షన్ కూడా వేసుకోండి.

అది వేసినా మన క్వేక్ త్రీ నోరు విప్పదు! కారణం ఎమ్‌మ్యాప్. పాడీఎస్పీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది, గేటులోంచి వచ్చినవాళ్ళనే ఆపగలదు. క్వేక్ త్రీ గోడ దూకే రకం. సౌండ్ కార్డ్ బఫర్‌ని నేరుగా తన మెమరీలోకి మ్యాప్ చేసుకుని, మిక్స్ చేసిన శాంపిల్స్‌ని అందులోనే పడేస్తుంది. రాయి అనే కాలే ఉండదు, ఇక పట్టుకోవడానికి ఏముంది? 1999లో స్పీడ్ కోసం చేసిన తెలివైన పనే, కాదనను.

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు ఈటీ ఎస్‌డీఎల్ సౌండ్ అనే స్క్రిప్ట్. వుల్ఫెన్‌స్టైన్ ఎనిమీ టెరిటరీ కోసం ఒక అభిమాని రాసింది. అదే ఇంజిన్ కుటుంబం కాబట్టి అదే రోగం. గేమ్ మ్యాప్ అడగగానే ఇది సౌండ్ కార్డ్ మెమరీ ఇవ్వదు, తన సొంత మెమరీ ముక్క ఒకటి చేతిలో పెడుతుంది. గేమ్ పాపం అదే కార్డ్ అనుకుని రాసుకుంటూ పోతుంది. ఇటు ఎస్‌డీఎల్ అనే గేమ్ లైబ్రరీ అందులోంచి ఎప్పటికప్పుడు చదివి స్పీకర్‌కి పంపేస్తుంది. ఎంత అందమైన మోసం! కాకపోతే కంపైలర్, 32 బిట్ డెవలప్‌మెంట్ ఫైళ్ళు వేసుకోవాలి, కొత్తవాళ్ళకి చిరాకే.

మూడోది కెర్నెల్ మాడ్యూల్, ఎస్ఎన్‌డీ పీసీఎమ్ ఓఎస్ఎస్. ఇది లోడ్ చేస్తే నిజంగానే డీఎస్పీ ఫైల్ పుడుతుంది, ఎమ్‌మ్యాప్‌తో సహా. క్వేక్ త్రీకి ప్రాక్ ఫోల్డర్లో ఒక లైన్ కూడా రాయాలి, స్క్రీన్ మీద ఉంది చూడండి. బైనరీ పేరు, రెండు సున్నాలు, చివర డైరెక్ట్ అనే మాట. పేరు దగ్గర లాంచర్ స్క్రిప్ట్‌ది కాదు, అసలు నడిచే ఫైల్‌ది ఇవ్వాలి. లాప్‌టాప్‌ల్లో చాలాసార్లు కార్డ్ సున్నా హెచ్‌డీఎమ్‌ఐ అయి కూర్చుంటుంది, ఆ లైన్ ఏ కార్డ్ కింద రాయాలో నంబర్ ముందే చూసుకోండి. రీబూట్ చేస్తే ఆ లైన్ పోతుంది, మళ్ళీ రాయాల్సిందే.

దీనితో గొడవేంటంటే, కార్డ్ మొత్తం గేమ్‌దే అయిపోతుంది. వెనక బ్రౌజర్లో పాట మోగుతుంటే డివైస్ బిజీ అంటుంది. బ్లూటూత్ సంగతి మర్చిపోండి. పైగా ఉబుంటు 10.10 నుంచే తన కెర్నెల్‌లో దీన్ని ఆపేసింది. అందుకని లోడ్ కాకపోతే తల పట్టుకోకండి, బూట్ ఫోల్డర్లో కెర్నెల్ కాన్ఫిగ్ తెరిచి ఆ ఆప్షన్ ఉందో లేదో చూడండి.

మరి ఏది వాడాలి? ఆడుకోవడమే ముఖ్యమైతే ఇవేవీ వద్దు. క్వేక్ త్రీ సోర్స్ 2005లో, ఎనిమీ టెరిటరీ సోర్స్ 2010లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద బయటికొచ్చాయి. వాటి నుంచి పుట్టిన ఐఓ క్వేక్ త్రీ, ఈటీ లెగసీ వేసుకోండి, సౌండ్ దానంతటదే వస్తుంది. సోర్స్ రాని గేములకి పాడీఎస్పీతో మొదలుపెట్టండి, ఎమ్‌మ్యాప్ ఎర్రర్ కనిపిస్తేనే మిగతావాటి జోలికి వెళ్ళండి. కమాండ్లన్నీ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. మీ గేమ్ మొండికేస్తే పేరుతో పాటు టెర్మినల్లో వచ్చిన మెసేజ్ కూడా కామెంట్‌లో పెట్టండి. ఉత్తినే సౌండ్ రావట్లేదు అన్నా అంటే నేనేం చెప్పగలను చెప్పండి!