మందు పేరు గుర్తుంది, మరి పల్స్ చూశారా?

అందరికీ నమస్కారం. నర్సింగ్ చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "మేడమ్, జబ్బు పేరు, దాని పక్కన మందు పేరు రాసి ఒక లిస్ట్ ఇవ్వండి, బట్టీ పట్టేస్తాం" అంటారు. ఆ లిస్ట్ పరీక్షలో ఒకటి రెండు మార్కులు తెస్తుందేమో. వార్డులో మాత్రం మందు పేరు డాక్టర్ గారు ముందే రాసి ఉంచుతారు. మందు ట్రే పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లేది మీరు. ఇవ్వాలా, ఆపి ఫోన్ చేయాలా అని చివరిసారి చూసుకోవాల్సింది కూడా మీరే. అందుకే ఈరోజు ఏ జబ్బు గురించి మాట్లాడినా, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం కనిపెట్టుకుని ఉండాలి అన్నదే చెప్తాను.

ముందుగా హార్ట్ ఫెయిల్యూర్. గుండె ఆగిపోయిందని కాదు, రక్తాన్ని ముందుకు తోసే బలం తగ్గిందని అర్థం. దాంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, కాళ్లు వాస్తాయి. ఆ నీరు మూత్రంలో పోవడానికి ఫ్యూరోసెమైడ్ ఇస్తాం. నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే అదే పేషెంట్ చార్ట్‌లో, గుండె కొట్టుకునే బలం పెంచే మందు డిగాక్సిన్ కూడా ఉండొచ్చు. డిగాక్సిన్ గుండె కణాల్లో సోడియం పొటాషియం పంపుకి అతుక్కుని పని చేస్తుంది. పొటాషియం కూడా ఆ పంపు దగ్గరే దానితో పోటీ పడుతుంది. పొటాషియం తగ్గిందంటే పోటీ తగ్గినట్టే. అప్పుడు రోజూ ఇచ్చే మామూలు డోసే విషమైపోతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే చాలు, "డిగాక్సిన్ ముందు పొటాషియం రిపోర్ట్ చూడాలి" అన్నది బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇక పల్స్. మణికట్టు దగ్గర కాదు, స్టెతస్కోప్ ఛాతీ మీద పెట్టి ఎపికల్ పల్స్ వినాలి. నిండా 1 నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయొద్దు, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే ఆ లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లలో 60 కన్నా తక్కువ ఉంటే డోస్ ఆపి డాక్టర్‌కి చెప్పండి. ఇచ్చాక కనిపెట్టుకోవాల్సినవి ఆకలి పోవడం, వాంతి, చూపులో తేడా. లైటు చుట్టూ పసుపుపచ్చ వలయాలు కనిపిస్తున్నాయని పేషెంట్ చెప్తే తేలిగ్గా తీసుకోకండి. ఈ మందు మూలం ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క. విలియం విదరింగ్ అనే డాక్టర్ 1785లోనే ఈ వాంతుల గురించి, ఈ పసుపు ఆకుపచ్చ చూపు గురించి రాశారు. వయసు మళ్లినవాళ్లు "తిండి సయించట్లేదమ్మా" అంటే మనం వయసు మీదకి తోసేస్తాం. నా దృష్టిలో డిగాక్సిన్ వాడేవాళ్ల నోట వచ్చే అతి ముఖ్యమైన మాట అదే.

ఇంకొక్కటి. పొటాషియం తగ్గిందని పొటాషియం క్లోరైడ్ రాస్తే, దాన్ని సిరంజితో నేరుగా నరంలోకి ఎప్పుడూ తోయకూడదు. గుండె ఆగిపోతుంది. పలచన చేసి, నెమ్మదిగా డ్రిప్‌లోనే వెళ్లాలి.

షుగర్‌కి వద్దాం. తొందరగా పని చేసే రెగ్యులర్ ఇన్సులిన్, నెమ్మదిగా పని చేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ రెండూ ఒకే సిరంజిలో తీయాల్సి వస్తే ముందు తేటగా ఉన్న రెగ్యులర్, తర్వాత మబ్బుగా ఉన్న ఎన్‌పీహెచ్. ఎందుకు? ఎన్‌పీహెచ్‌లో ఇన్సులిన్‌ని నెమ్మదింపజేసే ప్రొటమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది రెగ్యులర్ వయల్లోకి వెళ్తే, తొందరగా పని చేయాల్సిన ఇన్సులిన్ కూడా నెమ్మదిస్తుంది. లిస్ప్రో లాంటి ఇన్సులిన్లైతే దాదాపు 15 నిమిషాల్లోనే పని మొదలుపెడతాయి. కాబట్టి భోజనం ట్రే కళ్లెదుట ఉన్నాకే ఇంజెక్షన్ ఇవ్వండి, "వస్తోంది" అన్న మాట మీద కాదు.

ఇచ్చాక చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే షుగర్ చూడండి. 70 కన్నా తగ్గి, పేషెంట్ స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల చక్కెర ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. నరంలోకి గ్లూకోజ్ (ఐవీ డెక్స్‌ట్రోజ్) గానీ, షుగర్ పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ గానీ కావాలి.

ఇదే పేషెంట్ బీపీకి ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడుతుంటే వణుకు, గుండెదడ పైకి కనిపించకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, చెయ్యి పట్టి చూడండి. ఆస్తమా ఉన్నవాళ్ల చార్ట్‌లో ప్రొప్రనలాల్ కనిపిస్తే ఇవ్వకముందే డాక్టర్‌ని అడగండి. మిగతా బీపీ మందుల గురించి క్లుప్తంగా చెప్తాను. ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు రావొచ్చు. కానీ పెదాలు, నాలుక వాస్తే అది ఎమర్జెన్సీ. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తాయి.

ఆస్తమాలో ఊపిరి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ ముందు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మించాలి, లేదంటే నోట్లో తెల్లని ఫంగస్ పడుతుంది. ఒక హెచ్చరిక కూడా. ఇంకా రొప్పుతున్న పేషెంట్‌లో పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోతే తగ్గిందని సంతోషించకండి. గాలి లోపలికి వెళ్లడమే ఆగిపోతోందేమో!

టీబీకి సాధారణంగా 6 నెలల కోర్సు. మొదటి 2 నెలలు నాలుగు మందులు: ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. రిఫాంపిసిన్‌తో మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులోకి మారతాయి. మొదటి రోజే ఈ మాట చెప్పండి. చెప్పకపోతే రక్తం పోతోందని భయపడి మందు మానేస్తారు. గర్భం రాకుండా మాత్రలు వాడే ఆడవాళ్లకి, రిఫాంపిసిన్ వాటి బలం తగ్గిస్తుందని విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. ఇథాంబుటాల్ వాడేవాళ్లని ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తోందా అని అడగండి. ఐసోనియజిడ్‌తో కాళ్లు చేతులు తిమ్మిరెక్కకుండా విటమిన్ బీ6 ఇస్తారు. కళ్లు పచ్చబడితే వెంటనే చెప్పమనండి, లివర్ దెబ్బతింటోందేమో చూడాలి.

వచ్చే వీడియోలో ఫిట్స్ మందులు. ఫెనిటాయిన్‌ని గ్లూకోజ్ బాటిల్‌లో ఎందుకు కలపకూడదో అక్కడి నుంచే మొదలుపెడతాను.