ఇటలీ రుచి తెలియాలంటే అంగడికి వెళ్లాలి

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఇటలీ వంటల గురించి మాట్లాడమన్నారు. అది నావల్ల కాని పని, ఎందుకంటే ఇటలీ వంట అంటూ ఒక్కటి లేదు. ఆ దేశం ఒకే రాజ్యమైంది 1861లో. అంతకుముందు ఏ ఊరి పాలన దానిదే, ఏ ఊరి పొయ్యి దానిదే. ఇవాళ్టికీ ఒక చోట వెన్నతో వండితే ఇంకో చోట ఆలివ్ నూనె లేనిదే పొయ్యి వెలగదు. అందుకని ఈ పూటకి ఉత్తర ఇటలీలోని ఎమిలియా ప్రాంతం ఒక్కటే, అందులోనూ ఎక్కువగా బొలోన్యా నగరం. అక్కడి రుచి తెలియాలంటే హోటల్ కంటే పాత దుకాణమే మేలని నా అభిప్రాయం.

లోకమంతా మాంసం కూరతో స్పగెట్టీ కలిపి, బొలోన్యా పేరు పెట్టి స్పగెట్టీ బొలొనేజ్ అని తింటుంది, బొలోన్యా వాళ్లు తప్ప! వాళ్లు తమ మాంసం కూరని, అంటే రాగూని, టాలియాతెల్లేతో తింటారు. గుడ్లు కలిపిన పిండిని పల్చగా ఒత్తి రిబ్బన్లలా కోస్తే అది టాలియాతెల్లే. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో నగర వాణిజ్య మండలిలో నమోదు చేయించారు, బంగారు నమూనాతో సహా. 1982లో రాగూ తయారీనీ అలాగే రాయించారు. గొడ్డుమాంసం, పంది పొట్టమాంసం, ఉల్లి, క్యారెట్, సెలెరీ, కాస్త టమాటా, వైన్, పాలు. వెల్లుల్లి రెబ్బ ఒక్కటి కూడా పడదు. మనవాళ్లకి ఇది మింగుడుపడని సంగతే.

నగరం నడిబొడ్డున క్వాద్రిలాతెరో అనే సందుల గుంపు ఉంది. చేపలవాళ్ల వీధి, కంసాలుల వీధి, బట్టలవాళ్ల వీధి అంటూ పాత వృత్తుల పేర్లే ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ తంబురీని దుకాణం 1932 నాటిది. పైనుంచి పంది తొడలు వేలాడుతుంటాయి, కింద మోర్తదెల్లా అనే లావాటి పంది సాసేజ్ దిమ్మలు. ఇంకా పాతది అత్తీ, పందొమ్మిదో శతాబ్దపు దుకాణం. అక్కడ తొర్తెల్లీని అనే, లోపల మాంసం కూరిన చిన్న చిన్న పిండి మడతలు కొనుక్కెళ్లి ఇంట్లో మాంసం రసంలో ఉడికించుకుంటారు.

ఇక చీజ్ సంగతి, ఇక్కడ కాస్త ఆగాలి. పార్మిజానో రెజ్జానో చక్రం ఒకటి సుమారు 40 కిలోలు తూగుతుంది. దానికి దాదాపు 550 లీటర్ల పాలు పడతాయి. సాయంత్రం పాలని రాత్రంతా ఉంచి, మీగడ తీసి, పొద్దున్న పాలతో కలిపి రాగి కాగుల్లో విరగ్గొడతారు. విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. శాకాహారులు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత ఉప్పునీళ్లలో నానబెట్టి, కనీసం 12 నెలలు మాగనిస్తారు. చిన్న సుత్తితో తట్టి, శబ్దాన్ని బట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పే నిపుణులున్నారు. మరి అన్నాళ్లు రైతుకి డబ్బెలా? అక్కడి క్రెదెమ్ బ్యాంకు ఆ చక్రాలనే తాకట్టు పెట్టుకుని అప్పిస్తుంది. గుంటూరులో మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రైతు రుణం తీసుకున్నట్టే. ఇంకో సంగతి, అక్కడి పశువుల కొట్టాల్లో పనిచేసేవాళ్లలో పంజాబీ సిక్కులు చాలామంది. ఇటలీ గర్వంగా చెప్పుకునే చీజ్ వెనక మన దేశం నుంచి వెళ్లిన చేతులున్నాయి. దుకాణాల ప్రచారంలో మాత్రం ఆ మాట అరుదుగా వినిపిస్తుంది.

పక్కనే మోదెనా నగరం ఉంది. సంప్రదాయ బల్సామిక్ వెనిగర్ అక్కడ ఇంటి అటక మీద పుడుతుంది. ఉడికించిన ద్రాక్షరసాన్ని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చిన చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్లు ఉంచుతారు, మేలురకమైతే 25 ఏళ్లు. అమ్మేది 100 మిల్లీలీటర్ల సీసాల్లోనే. మన సూపర్‌మార్కెట్లో చవగ్గా దొరికేది వైన్ వెనిగర్ కలిపిన వేరే సరుకు. సలాడ్‌కి అది చాలు, పేరు చూసి మోసపోకండి.

వైన్‌కి మళ్లీ బొలోన్యా వద్దాం. ఒస్తెరియా దెల్ సోలే 1465 నుంచీ ఉన్న దుకాణం. అక్కడ తాగడానికే దొరుకుతుంది, తినడానికి ఏమీ అమ్మరు. బయట దుకాణంలో మోర్తదెల్లా, రొట్టె కట్టించుకుని వెళ్లాలి, లోపల గ్లాసు కొనాలి. నన్నడిగితే లంబ్రూస్కో తీసుకోండి. బుడగలొచ్చే ఆ ఎర్ర వైన్‌ని గొప్పవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, పంది కొవ్వు జిడ్డుని నాలుక మీంచి కడిగేయడంలో దానికి సాటి లేదు.

ఇదే నగరం శివార్లలో 2017లో ఇటలీ తిండి మొత్తాన్నీ ఒకే కప్పు కింద చూపిస్తామని ఫీకో అనే భారీ పార్కు తెరిచారు. ఆశించినంత జనం రాలేదు, 2024లో పేరు మార్చుకోవాల్సి వచ్చింది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. అలాగని పాత సందులు పదిలంగా ఉన్నాయనీ అనను. చాలాచోట్ల నెలవారీ సరుకులు కొనే ఊరివాళ్ల కంటే పళ్లెం ముందు ఫొటో దిగే యాత్రికులే ఎక్కువ.

వెళ్లేవాళ్లకి రెండు మూడు మాటలు. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి. చీజ్, మాంసం 'ఎత్తో' లెక్కన అడగాలి, అంటే 100 గ్రాములు. ముందు రుచి చూస్తానంటే చాలామంది సంతోషంగా ఓ ముక్క కోసిస్తారు. పళ్ల కొట్టు దగ్గర మాత్రం మన రైతుబజార్లోలా చెయ్యి పెట్టి ఏరకండి, కొట్టువాడు ఊరుకోడు.