ఏడున్నర డాలర్ల కెమెరా

అందరికీ నమస్కారం. మనలో చాలామంది ఏదో ఒక స్టూడియోలో లైట్లు మోసి పని నేర్చుకున్నవాళ్లమే. పేరున్న ఫొటోగ్రాఫర్ గోర్డన్ పార్క్స్‌కి ఆ అదృష్టం కూడా లేదు. 1912లో అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ స్కాట్‌లో ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. 15 మంది పిల్లల్లో ఆఖరివాడు.

తల్లి పోయాక మిన్నెసోటాలోని అక్క ఇంటికి పంపారు. బావ చలికాలంలో బయటికి గెంటేశాడు. రాత్రుళ్లు ట్రామ్‌లో కూర్చుని నిద్రపోయేవాడట. పియానో వాయించాడు, బాస్కెట్‌బాల్ ఆడాడు, రైల్లో వెయిటర్‌గా ప్లేట్లు మోశాడు. ఆ రైల్లో ఎవరో వదిలేసిన పత్రికలో వలస కూలీల ఫొటోలు కంటపడ్డాయి. అవి మనసులోంచి పోలేదు. పాతికేళ్ల వయసులో సియాటిల్‌లో ఒక తాకట్టు కొట్లో 7.50 డాలర్లకి కెమెరా కొన్నాడు.

సెయింట్ పాల్‌లో ఆడవాళ్ల ఖరీదైన బట్టల షాపుకెళ్లి ఫ్యాషన్ ఫొటోలు తీస్తానన్నాడు. సరేనన్నారు. తీరా రీలు కడిగితే ఒక్కటి తప్ప అన్నీ డబుల్ ఎక్స్‌పోజ్, అంటే ఒక ఫొటో మీద ఇంకో ఫొటో పడిపోయింది! రీళ్ల రోజుల్లో పెళ్లిళ్లు తీసినవాళ్లకి ఆ టెన్షన్ నేను చెప్పక్కర్లేదు. భార్య సాలీ సలహాతో ఆ ఒక్కదాన్నే పెద్దది చేయించి పట్టుకెళ్లాడు. బాక్సర్ జో లూయిస్ భార్య మార్వా ఆయన పని చూసి, షికాగో వచ్చెయ్యమంది.

తర్వాతి సంగతులు మీరు విన్నవే. 1948లో లైఫ్ పత్రికలో చేరిన తొలి నల్లజాతి స్టాఫ్ ఫొటోగ్రాఫర్. నవల రాసి, 1969లో దాన్ని తనే సినిమాగా తీశాడు, సంగీతమూ తనే చేశాడు. పెద్ద హాలీవుడ్ స్టూడియోకి సినిమా తీసిన మొదటి నల్లజాతి దర్శకుడు ఆయనే. 2006లో, 93 ఏళ్ల వయసులో పోయాడు.

ఇంత చేసినవాడికి ఒక్క పాఠం మాత్రం ఇంకొకరు చెప్పారు. అదీ కెమెరా లేకుండా. 1942లో ఫెలోషిప్ మీద వాషింగ్టన్‌లో ప్రభుత్వ ఫొటో విభాగంలో చేరాడు. అక్కడి పెద్ద రాయ్ స్ట్రైకర్, కెమెరా ఇక్కడ పెట్టేసి కోటు కొనుక్కో, హోటల్లో తిను, సినిమా చూసి రా అన్నాడు. ఎక్కడికెళ్లినా నల్లవాడని తిప్పి పంపేశారు. మండిపోతూ వచ్చాడు. అదే బిల్డింగులో గదులు ఊడ్చే ఎల్లా వాట్సన్‌తో మాట్లాడమన్నాడు స్ట్రైకర్. ఆమె తండ్రిని మూక చంపేసింది, భర్తని కాల్చేశారు. మనవల్ని తనే సాకుతోంది. అంతా విని, అమెరికా జెండా ముందు చీపురుతో నిలబెట్టి ఫొటో తీశాడు.

ప్రపంచానికి తెలిసింది ఆ ఫొటోనే. నాకు మాత్రం అందులో ఆయన కోపమే ఎక్కువ కనిపిస్తుంది. స్ట్రైకర్ ఆమెను వదలొద్దన్నాడు. వారాల తరబడి ఆమె ఇంటికి, చర్చికి వెంట తిరిగాడు. అప్పుడు తీసిన వాటిలో ఎల్లా కనిపిస్తుంది.

లైట్లు కాస్త ఆపండి. ముందు మనవలతో ఉన్న ఫొటో వెయ్యండి, జెండాది తర్వాత చూద్దాం.