వేమన ఏడ్చిన చోట

అధ్యక్షులకు, సభకు పిలిచిన మిత్రులకు నమస్కారం. మర్యాద మాటలు ఇంతటితో ఆపుతాను. నాకిచ్చిన కొద్ది సమయంలోనే ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న మాట ఒకటి చెప్పుకోవాలి.

యోగుల, భక్తుల జీవితాలపై తీసిన చిత్రాలు ప్రేక్షకుణ్ణి కదిలించేది మహిమల వల్లనే అని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను. 1947లో కె.వి. రెడ్డి గారి దర్శకత్వంలో వచ్చిన ‘యోగి వేమన’ను గుర్తు చేసుకోండి. బంగారం చేసే విద్య కోసం వెంపర్లాడిన వేమనకు ప్రాణంతో సమానమైన అన్న కూతురు దక్కకుండా పోతుంది. శ్మశానంలో వేమనగా నటించిన నాగయ్య గారు “ఇదేనా, ఇంతేనా” అని పాడుతున్నప్పుడు తెర మీద యోగి లేడు, బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. యోగి ఆ తర్వాత పుట్టాడు.

ఈ చిత్రాన్ని నాకు పన్నెండేళ్ల వయసులో నాన్నగారు చూపించారు. అంతకు ఏడాది ముందు మా చెల్లెలు జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు; దాని బట్టలున్న చిన్న పెట్టె మంచం కిందనే ఉండిపోయింది. ఆ పాట వచ్చినప్పుడు పక్కకు చూశాను. నాన్నగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తున్నారు. మర్నాడు ఆయనే ఆ పెట్టె బయటికి లాగి, ఒక గౌను తీసి అమ్మ చేతికిచ్చి, చెల్లెల్ని పేరు పెట్టి తలుచుకున్నారు. ఆయనకు పూజలంటే పెద్దగా పట్టింపు ఉండేది కాదు. స్ఫూర్తి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందుగా ఆ పెట్టె గుర్తొస్తుంది.

1936లో ప్రభాత్ సంస్థ మరాఠీలో తీసిన ‘సంత్ తుకారాం’లో మహిమలు లేవని అనను, చివర తుకారాం విమానమెక్కి వైకుంఠానికే వెళతాడు. అయినా ఆ చిత్రాన్ని నిలబెట్టింది మాత్రం భార్య జీజాయి. భర్త అభంగాలనే భక్తి పాటలు పాడుకుంటూ ఉంటే పిల్లల ఆకలి చూడవలసినది ఆమె. బిడ్డకు జబ్బు చేసినప్పుడు చెప్పు పట్టుకుని గుడిలోకి వెళ్లి దేవుణ్ణి నిలదీసేదీ ఆమే. విమానం వెళ్లిపోయాక ఆమె నేల మీదనే మిగిలిపోతుంది. భక్తుడి ఇల్లు ఎలా గడిచిందో చూపించారు కాబట్టే అతని భక్తిని మనం నమ్ముతాం. డెన్మార్క్ దర్శకుడు డ్రేయర్ 1928లో, మతద్రోహి అని విచారించి సజీవంగా కాల్చేసిన ఫ్రెంచి యువతి జోన్ ఆఫ్ ఆర్క్ మీద తీసిన మూకీ చిత్రంలోనూ అంతే: విచారణ గదిలో భయపడుతున్న ఒక అమ్మాయి ముఖాన్ని కెమెరా దగ్గరగా పట్టుకుంది, అది చాలింది.

ఇక నా బాధ చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక భక్తి చిత్రం కథాచర్చకు నన్ను పిలిచారు. నాయకుడు తల్లిని వదిలి వెళ్లే ఘట్టం మరీ సాగదీసినట్టుందని, దాన్ని రెండు నిమిషాలకు కుదించి ఆకాశంలో వెలుగు చూపించే ఘట్టాన్ని పెంచాలని నిర్ణయించారు. తల్లి గడపలో నిలబడే దృశ్యం ఉంచమని ఎంతగానో బతిమాలాను. తీసేశారు. గుమ్మం దగ్గర ఆమెకు ఏమైందో తెలియకపోతే, అతను దేన్ని వదులుకున్నాడో చూసేవారికి ఎలా తెలుస్తుంది?

ఈ సభలో దర్శకులు కావాలనుకునే యువతీ యువకులున్నారు. అయ్యా, అమ్మా, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను: ఆ గడపను తీసేయకండి. ‘యోగి వేమన’ను మళ్లీ నలుగురితో కలిసి చూడండి. శ్మశానం పాట వచ్చినప్పుడు ఒక్కసారి తెర మీది నుంచి చూపు తిప్పి, మీ పక్కన కూర్చున్న పెద్దవారి ముఖం చూడండి.

సెలవు.