స్ట్రాట్, టెలీ, పీ-90: సింగిల్ కాయిల్‌లో ఎందుకింత తేడా?

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ నల్లగొండలో అన్న ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. చర్చి క్వయర్‌లో, ఫంక్షన్ హాళ్ల ఆర్కెస్ట్రాల్లో అన్న గిటార్ వినని వాళ్లు ఈ చుట్టుపక్కల తక్కువ. ఎదురుగా మూడు గిటార్లున్నాయి. ఒకటి స్ట్రాట్, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్, ఒకటి టెలీ, అంటే టెలీకాస్టర్, ఇంకోదానికి పీ-90 పికప్‌లు. పికప్ అంటే తీగ ఊగడాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. మూడూ సింగిల్ కాయిలే, అంటే పికప్‌కు ఒకే తీగచుట్ట. మరి మూడూ ఒకేలా ఎందుకు వినిపించవు? అన్నా, మీదే ఆలస్యం.

అన్న: ముందు ఒక మాట. యాంప్ ఒకటే, కేబుల్ ఒకటే, పిక్ ఒకటే. యాంప్ నాబ్‌లు ముట్టను. వాయించేది కూడా ఒకటే, మోహన. అయిదే స్వరాలు కాబట్టి తొందర ఉండదు. ప్రతి స్వరం ఎట్ల మొదలైంది, ఎట్ల ఆరిపోయింది అన్నది చెవికి తెలుస్తుంది. పికప్ తేడా అక్కడే దొరుకుతుంది. నెక్ పికప్ అంటే గిటార్ మెడ వైపుది, బ్రిడ్జ్ పికప్ అంటే తీగలు ఆనే కింది చివర వైపుది, మిడిల్ మధ్యది.

[స్ట్రాట్, నెక్ పికప్. మోహన ఆరోహణ, అవరోహణ.]

హోస్ట్: మస్తు తేటగా ఉందన్నా. గుండ్రంగా కూడా ఉంది.

అన్న: 1954లో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన గిటార్ ఇది. ప్రతి పికప్‌లో ఆరు ఆల్నికో కడ్డీలుంటాయి. అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపి చేసిన అయస్కాంతాలు. వాటి చుట్టూ 42 గేజ్ రాగి తీగ, సుమారు 8,000 చుట్లు. కాయిల్ సన్నగా, ఎత్తుగా ఉంటుంది. గిటార్ తీగ కింద నేరుగా అయస్కాంతమే ఉంది, మధ్యలో వేరే ఇనుప ముక్క లేదు. అందుకే పైస్వరాలు అణగవు, పిక్ తగిలిన చప్పుడు కూడా స్పష్టంగా వస్తుంది.

హోస్ట్: ఇదే గిటార్‌లో బ్రిడ్జ్ పికప్ పెడితే మాత్రం చెవులు గుచ్చుకుంటాయని చాలామంది అంటారు.

అన్న: గుచ్చుకుంటుంది, నిజమే. బ్రిడ్జ్ దగ్గర తీగ ఊగేదే తక్కువ. పైగా పాత వైరింగ్‌లో బ్రిడ్జ్ పికప్‌కు టోన్ నాబ్ కలపలేదు, నెక్‌కూ మిడిల్‌కూ మాత్రమే ఇచ్చారు. ఇప్పటికీ చాలా గిటార్లు అట్లనే వస్తున్నాయి. పికప్ బాగాలేదని తిట్టుకునేముందు ఒక వైరు మార్చి టోన్ నాబ్ కలుపుకుంటే సగం బాధ పోతుంది. ఇగ టెలీ విను.

[టెలీ, బ్రిడ్జ్ పికప్. అదే మోహన.]

హోస్ట్: ఇది కూడా బ్రిడ్జే కదా. కానీ పలచగా లేదు. దెబ్బ గట్టిగా పడుతోంది.

అన్న: అదీ పాయింటు. దీని కాయిల్ స్ట్రాట్ కంటే కొంచెం పెద్దది, చుట్లు కూడా సాధారణంగా ఎక్కువ. అడుగున రాగి పూత వేసిన ఉక్కు ప్లేటుంటుంది. ఆ ప్లేటు వల్ల అయస్కాంత క్షేత్రం పైకి ఇంకాస్త బలంగా వస్తుంది, మిడ్స్, అంటే మధ్యస్థాయి ధ్వనులు, నిండుతాయి. ఆర్కెస్ట్రాలో కీబోర్డు, ప్యాడ్లు, డోలు అన్నీ ఒకేసారి మోగుతుంటే నా గిటార్ వినపడాలి. అప్పుడు నేను పట్టుకునేది దీన్నే. వాల్యూమ్ పెంచాల్సిన పని పడదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇదిగో మల్టీమీటర్. టెలీ బ్రిడ్జ్ పికప్ కాయిల్ నిరోధం ఏడు వేల ఓమ్‌లు చూపిస్తోంది. నెక్ పికప్ ఏడున్నర వేలు. ఏది గట్టిగా మోగాలి?

హోస్ట్: ఏడున్నర ఉన్నదే కదా?

[టెలీ, నెక్ పికప్. అదే మోహన.]

హోస్ట్: మెత్తగా ఉంది! బ్రిడ్జ్ కంటే నెమ్మది.

అన్న: నెక్ దగ్గర తీగ ఊగేది ఎక్కువ. అయినా ఇది మెత్తగానే ఉంది. కారణమేందంటే ఇందులో కాయిల్‌కు 43 గేజ్ రాగి తీగ వాడతారు. అది ఇంకా సన్నం. సన్నతీగకు ఓమ్‌లు ఎక్కువ వస్తాయి, అంతమాత్రాన చుట్లు ఎక్కువ ఉన్నట్టు కాదు. పైన లోహపు మూత ఉంది, అది కొంచెం పైస్వరాలను తింటుంది. ఆన్‌లైన్‌లో పిల్లలు కిలో ఓమ్స్ చూసి, "ఇది 8, అది 6, కాబట్టి ఇది హాట్" అని పైసలు కడుతున్నారు. వద్దు తమ్ముడూ. ఒకే రకం కాయిల్, ఒకే తీగ అయితేనే ఆ అంకెలను పోల్చాలి.

ఇంకో సంగతి. రాగి వేడెక్కితే ఓమ్‌లు పెరుగుతాయి, డిగ్రీకి 0.4 శాతం చొప్పున. 20 డిగ్రీల గదిలో 7,000 చూపిన పికప్‌నే మన నల్లగొండ ఎండాకాలంలో 42 డిగ్రీల దగ్గర కొలువు. 7,600 చూపిస్తుంది. పికప్ అదే, అంకె మారింది. అట్లాంటి అంకెను పట్టుకొని టోన్ గురించి ఏం చెప్తావు?

హోస్ట్: ఇది నేనెప్పుడూ ఆలోచించలేదన్నా. సరే, పీ-90?

[పీ-90, బ్రిడ్జ్ పికప్. అదే మోహన. తర్వాత ఒక ఏ మేజర్ కార్డ్, గట్టిగా.]

హోస్ట్: ఇది హంబకర్, అంటే రెండు కాయిళ్ల పికప్, అనుకునేవాణ్ణి!

అన్న: చాలామంది అనుకుంటారు. సైజు చూసి పొరపడతారు. ఇది గిబ్సన్ వాళ్లు 1946లో తెచ్చిన సింగిల్ కాయిల్. సుమారు 10,000 చుట్లు, కాయిల్ వెడల్పు. అయస్కాంతాలు తీగ కింద నేరుగా ఉండవు, అడుగున రెండు అడ్డంగా పడుకుని ఉంటాయి. పైకి కనిపించేవి ఉక్కు స్క్రూలు. చుట్లూ పెరిగాయి, ఉక్కూ వచ్చింది, కాబట్టి ఇండక్టెన్స్, అంటే మారే కరెంటును కాయిల్ అడ్డుకునే గుణం, పెరుగుతుంది. పై ఫ్రీక్వెన్సీలు ముందే తగ్గడం మొదలుపెడతాయి, మిడ్స్ మీదికొస్తాయి. మెల్లగా మీటితే తేటగా ఉంటుంది, గట్టిగా కొడితే గరగరమంటుంది. నాకైతే మూడింటిలో చేతికి ఎక్కువ జవాబిచ్చేది ఇదే. పాట మధ్యలో పెడల్ తొక్కకుండా, చేతి బరువుతోనే సౌండ్ మార్చుకోవచ్చు.

హోస్ట్: జాజ్‌మాస్టర్ పికప్ కూడా చూడ్డానికి ఇట్లనే ఉంటుంది కదా?

అన్న: చూడ్డానికే. 1958లో వచ్చిన ఫెండర్ పికప్ అది. లోపల ఆల్నికో కడ్డీలే, స్క్రూలు కావు. కాయిల్ మాత్రం బాగా వెడల్పు, ఎత్తు తక్కువ. స్ట్రాట్ కాయిల్ గ్లాసులో నీళ్లయితే, అది పళ్లెంలో పోసిన నీళ్లు. సౌండ్ కూడా అట్లనే పరుచుకుంటుంది, వెచ్చగా ఉంటుంది. పీ-90లో ఉండే ఆ గరుకు దానిలో రాదు.

హోస్ట్: రికార్డింగ్‌లో వినేవాళ్లకు తెలుస్తోందో లేదో, వెనక హమ్ వస్తోంది.

అన్న: రానీ, దాని గురించి చెప్పాల్సిందే. ఇగో, ఫ్యాన్ ఆపు.

[ఫ్యాన్ ఆపుతారు. చప్పుడులోని గరుకు తగ్గుతుంది.]

అన్న: ఆ గరుకు రెగ్యులేటర్‌ది. మిగిలింది మన 50 హెర్ట్జ్ కరెంటు హమ్. ఇప్పుడు నేను గిటార్ పట్టుకొని మెల్లగా తిరుగుతా. విను... యాంప్ వైపు తిరిగితే పెరిగింది. కిటికీ వైపు తిరిగితే దాదాపు పోయింది. తిరిగితే మారే హమ్ కాయిల్ పట్టేది. లోపల కాపర్ రేకు అతికించినా అది పోదు. తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గే బజ్ వేరు, దానికి రేకు పనిచేస్తుంది. మిర్యాలగూడ వైపు ఫంక్షన్లకు పోతే పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, స్టేజీ కింద ఎల్‌ఈడీ లైట్ల వైర్లుంటాయి. అక్కడ సౌండ్ చెక్‌లోనే ఎటు తిరిగితే హమ్ తగ్గుతుందో చూసుకొని ఆ మూలకే నిలబడతాను.

స్ట్రాట్‌లో ఇంకో దారి ఉంది. ఈ రోజుల్లో చాలా స్ట్రాట్‌లలో మిడిల్ పికప్‌కు తీగ చుట్టిన దిశనూ, అయస్కాంతం ధ్రువాన్నీ తిరగేసి పెడతారు. స్విచ్ రెండో గాటులో, నాలుగో గాటులో పెడితే రెండు పికప్‌లు కలుస్తాయి, హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పాత స్ట్రాట్‌లకు మూడు గాట్ల స్విచ్చే ఉండేది. వాయించేవాళ్లు దాన్ని మధ్యలో ఇరికించి ఈ సౌండ్ తెచ్చుకునేవారు. అయిదు గాట్ల స్విచ్ కంపెనీ నుంచి వచ్చింది 1977లో.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. గిటార్ పట్టుకొని మైక్‌కు మూతి ఆనించగానే జిల్లుమందంటే అది పికప్ సమస్య కాదు, ఎర్తింగ్ లేదు. వెంటనే ప్లగ్ పీకేయండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాయించొద్దు. అది ప్రాణం మాట.

హోస్ట్: ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. అన్నా, మహబూబ్‌నగర్ నుంచి ఒక శ్రోత అడిగాడు. దగ్గర స్టార్టర్ స్ట్రాట్ ఉందట, పై ఫ్రెట్‌లలో లావు తీగ గమకం వేస్తే స్వరం వణుకుతోందట. పికప్‌లు మార్చాలా అంటున్నాడు.

అన్న: మార్చొద్దు, ముందు స్క్రూడ్రైవర్ తీయి. అయస్కాంతం తీగకు మరీ దగ్గరైతే తీగను లాగుతుంది. అప్పుడు ఒకే స్వరం రెండుగా వినిపిస్తుంది, త్వరగా ఆరిపోతుంది. గమకం వేసేవాళ్లకు ఇది శాపం. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి అయస్కాంతం దాకా కొలువు. లావు తీగ వైపు సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్నతీగ వైపు 2. అక్కడ మొదలుపెట్టి చెవితో సరిచేసుకో. ఈ స్ట్రాట్‌నే కావాలని పైకి లేపి వాయిస్తా, విను.

[స్ట్రాట్, నెక్ పికప్ పైకి. లావు తీగ మీద గాంధారం, వణుకుతుంది. స్క్రూ తిప్పుతారు. మళ్లీ అదే స్వరం.]

హోస్ట్: నిలబడిందన్నా స్వరం!

అన్న: పైసా ఖర్చు లేదు. ఇది చేశాక కూడా సౌండ్ నచ్చకపోతే అప్పుడు కొను. చవక గిటార్లలో చాలావరకు పోల్స్, అంటే ఒక్కో తీగ కింది కడ్డీలు, ఉక్కువే, అడుగున సిరామిక్ అయస్కాంతం అతికించి ఉంటుంది. ఆల్నికో కడ్డీల పికప్ పెడితే తేడా తెలుస్తుంది. మూడూ ఒకేసారి అక్కర్లేదు, ఎక్కువ వాడేది ఒక్కటి మార్చు. కాకపోతే కొనేముందు రెండు చూసుకో. మొదటి పోల్ నుంచి ఆరో పోల్ దాకా దూరం కొలువు, కొన్ని గిటార్లలో కొలత మారుతుంది, మూతలో పట్టదు. రెండోది, పెట్టాక మిడిల్‌తో కలిపి వాయించు. సౌండ్ డొల్లగా, సన్నగా వస్తే ఫేజ్ తిరగబడింది, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. కొత్త పికప్ రెండు వైర్లు అటుదిటు చేసి సోల్డర్ చెయ్యి. టెలీ నెక్ పికప్‌కు మాత్రం ఆ పని నేరుగా చేయొద్దు. దాని మూత గ్రౌండ్ వైరుకు కలిసి ఉంటుంది. ముందు ఆ కలుపు విడదీసి, మూతకు వేరే గ్రౌండ్ వైరు ఇవ్వాలి.