పది శాతం వడ్డీ నిజంగా పదేనా?

గణితం టీచర్లందరికీ నమస్కారం.

బారువడ్డీ, చక్రవడ్డీ సూత్రాలు మన పిల్లలకు కంఠతా వచ్చు. అయినా ఒకసారి అడిగి చూడండి: నూటికి రెండు రూపాయల వడ్డీ ఎక్కువా, బ్యాంకువాళ్ల 12 శాతం ఎక్కువా? 12 అని చేతులెత్తేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఊళ్లో చెప్పే రెండు రూపాయలు నెలకి, బ్యాంకు చెప్పే 12 ఏడాదికి. రెండుని పన్నెండుతో గుణిస్తే 24 శాతం. ఇది ఐదు నిమిషాల పని.

పీరియడంతా పెట్టాల్సింది వాయిదాల లెక్క మీద. బండి కోసం 60,000 అప్పు, 10 శాతం ఫ్లాట్ వడ్డీ, రెండేళ్ల గడువు. వడ్డీ 12,000, మొత్తం 72,000, నెలకి 3,000 చొప్పున 24 వాయిదాలు. రేటెంత అంటే క్లాసంతా పదే అంటుంది. కానీ ఆ 60,000 రెండేళ్లూ మన చేతిలో లేవు. మొదటి వాయిదా నుంచే అసలు తగ్గుతూ వస్తుంది, వడ్డీ మాత్రం చివరిదాకా 60,000 మీదే వేశారు.

ఇప్పుడు నోటుబుక్కులో నాలుగు గడులు గీయించండి: బాకీ, వడ్డీ, అసలుకి జమ, మిగిలిన బాకీ. తగ్గే బాకీ మీద నిజమైన రేటు నెలకి ఒకటిన్నర శాతం అనుకుని చూద్దాం. మొదటి నెల వడ్డీ 900, కాబట్టి అసలుకి జమ అయ్యేది 2,100, మిగిలేది 57,900. రెండో నెల వడ్డీ 868.50, జమ 2,131.50, బాకీ 55,768.50. పిల్లలు జారేది ఇక్కడే. కొందరు 3,000 మొత్తాన్నీ బాకీలోంచి తీసేస్తారు, కొందరు రెండో నెల కూడా 900 వేస్తారు. మొదటి మూడు వరసలు మీరే దగ్గరుండి చూడండి, మిగతావి కాలిక్యులేటర్‌తో వాళ్లే లాగేస్తారు. 24వ వరసకి బాకీ తీరిపోయి, ఇంకో 130 రూపాయల దాకా ఎక్కువ కట్టినట్టు తేలుతుంది. అంటే నిజమైన రేటు ఒకటిన్నర కన్నా పిసరంత ఎక్కువ, ఏడాదికి 18 శాతం పైమాటే. అదే 10 శాతం తగ్గే బాకీ మీద వేసి ఉంటే వాయిదా దాదాపు 2,769 రూపాయలే అయ్యేది.

కంప్యూటర్ ఉన్న బడిలో స్ప్రెడ్‌షీట్ ‘రేట్’ ఫంక్షన్‌కి 24, మైనస్ 3000, 60000 వరసగా ఇవ్వండి. మైనస్ మరిస్తే ఎర్రర్ చూపిస్తుంది. వచ్చేది నెల రేటు, పన్నెండుతో గుణించాలి.

చివరగా ఫీజు. ప్రాసెసింగ్ కింద 1,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 216 ముందే కోసుకుంటే చేతికొచ్చేది 58,584. వాయిదా మాత్రం అదే 3,000. ఇప్పుడు రేటు 20 దాటిపోతుంది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ టర్మ్ లోన్లకి (మనలాంటివాళ్లు గడువు పెట్టుకుని తీసుకునే అప్పులకి) కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితం ఇవ్వాలి, ఫీజులు కూడా కలిపిన ఏడాది రేటు అందులో ఏపీఆర్ అనే పేరుతో ఉంటుంది. ఇళ్లలో అలాంటి కాగితం ఉంటే పేరూ ఖాతా నంబరూ కొట్టేసి, అంకెలు మాత్రం రాసుకు రమ్మనండి. తర్వాతి పీరియడ్‌కి అవే లెక్కలు.